కత్తిపీట మీద కనగర్త

(కళింగపట్నం దగ్గర ఒక మత్స్యకార గ్రామంలో, ఆదివారం సాయంత్రం బడి ఆవరణలో, జువాలజీ అధ్యాపకురాలు ఒకరు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో పిల్లలు ఇంకొంచెం దగ్గరికి జరగండి. ఈ బల్ల మీద ఏముందో మీకు కనిపించాలి. అమ్మలు, అప్పలు గోడ దగ్గరే నిలబడిపోయారు. మీరూ ముందుకి రండి. మీరు లేకుండా ఇవాళ ఈ ప్రసంగం సాగదు. ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ఈ ఐసు పెట్టెలో పొద్దున్నే రేవులో కొన్న చేపలున్నాయి. అరడజను కనగర్తలు. మీలో కొందరు కానాగంతలు అంటారు. ఒక పండుగప్ప. ఒక చిన్న సొర. కత్తిపీట కూడా తెచ్చాను. బోర్డు మీద బొమ్మ గియ్యను. చేపే ఇక్కడ ఉండగా బొమ్మ దేనికి?

నేను పుట్టింది ఇలాంటి ఊళ్ళోనే. మా అమ్మ నెత్తి మీద గంపతో ఊరూరా తిరిగి చేపలమ్మేది. ఏడేళ్ళకే నాకు చేప కోయడం వచ్చు. కార్జం ఎక్కడుంటుందో తెలుసు. చేదుకట్టు ఎక్కడుంటుందో తెలుసు, అది చిట్లితే కూరంతా చేదైపోతుందనీ తెలుసు. తర్వాత హైస్కూల్లో చేప పాఠం వచ్చింది. బొమ్మ గీశారు, బాణం గుర్తులు పెట్టారు, పేర్లు రాసుకోమన్నారు. నేను బట్టీ పట్టాను. పరీక్షలో రెండు భాగాలు తప్పు రాశాను. ఆ రెండూ రోజూ నా చేతుల్లో పడుతున్నవే! పుస్తకంలో ఉన్న పేరూ, నా వేళ్ళకి తగిలే వస్తువూ ఒకటేనని నాకు ఎవరూ చెప్పలేదు. ఎమ్మెస్సీలో డిసెక్షన్ బల్ల ముందు నిలబడ్డాక గానీ తెలియలేదు, ఇది నేను వెయ్యిసార్లు చేసిన పనేనని. ఆ రోజు సంతోషం కన్నా దుఃఖమే ఎక్కువ కలిగింది. ఇంత చిన్న సంగతి తెలియడానికి అన్నేళ్ళు ఎందుకు పట్టాలి? ఈ పిల్లలకి అన్నేళ్ళు పట్టకూడదు. అందుకే వచ్చాను.

సరే, కనగర్తతో మొదలుపెడదాం. దీని శాస్త్రీయ నామం ఏమిటో తెలుసా? రాస్ట్రెల్లిజర్ కనగుర్త. మళ్ళీ వినండి. రాస్ట్రెల్లిజర్ కనగుర్త. రెండో మాట ఎక్కడిది? మనదే. తెలుగే. 1780లలో విశాఖపట్నంలో ఈస్టిండియా కంపెనీ కొలువులో పాట్రిక్ రసెల్ అనే డాక్టరు ఉండేవాడు. రక్తపింజర పాముకి ఇంగ్లీషులో ఈయన పేరే ఉంది. ఆయన విశాఖపట్నంలో దొరికిన 200 చేపల బొమ్మలు వేయించి, వాటి వివరాలు రాశాడు. అది 1803లో లండన్‌లో పుస్తకంగా వచ్చింది. అందులో చాలా చేపలకి ఇక్కడి జనం పిలిచే పేర్లే పెట్టాడు. ఆ పుస్తకం చూసి ఫ్రాన్సులో క్యూవియే అనే మహా శాస్త్రవేత్త 1816లో ఈ చేపకి కనగుర్త అన్న పేరే ఖాయం చేశాడు. ఇవాళ ఆఫ్రికా తీరంలో ఈ చేపని పట్టి పరిశోధించేవాడు కూడా కనగుర్త అనే రాయాలి. ఆ పేరు రసెల్‌కి ఎవరు చెప్పారు? వల లాగినవాళ్ళే కదా, గంప మోసినవాళ్ళే కదా. వాళ్ళ పేర్లు పుస్తకంలో లేవు. వాళ్ళ మాట మాత్రం ఉంది.

మొదటి మాట రాస్ట్రెల్లిజర్ సంగతి చూద్దాం. అప్పా, మీరు రండి. మీ చెయ్యి నా చెయ్యి కన్నా బాగా తిరిగింది. ఈ కనగర్త నోరు బాగా తెరిచి పట్టుకోండి. పిల్లలూ, లోపలికి చూడండి. ఈకల్లా, దువ్వెన పళ్ళల్లా కనిపిస్తున్నాయా? పొడుగ్గా, దగ్గరదగ్గరగా ఉన్నాయి. నోరు తెరిస్తే చాలు, కనిపించేటంత పొడుగు. పొలంలో గడ్డి పోగుచేసే దంతె ఉంటుంది చూశారా, పళ్ళ పళ్ళగా? లాటిన్‌లో ఆ దంతెకి దగ్గరి మాటే ఇది. రాస్ట్రెల్లిజర్ అంటే చిన్న దంతెను మోసేది. కనగర్త సముద్రంలో కంటికి ఆనని చిన్నచిన్న జీవుల్ని తింటుంది. నోట్లోకి వచ్చిన నీళ్ళు మొప్పల గుండా బయటికి పోతాయి, తిండి ఈ దంతె పళ్ళ దగ్గర ఆగిపోతుంది. వల అన్నమాట. మనం వలతో పట్టే చేప నోట్లోనే ఒక వల పెట్టుకుని తిరుగుతోంది.

ఇప్పుడు పండుగప్ప నోట్లో చూడండి. ఆ పళ్ళు పొట్టిగా, దూరదూరంగా ఉన్నాయి. ఎందుకని? అది చిన్నచేపల్ని, రొయ్యల్ని మింగే చేప. దానికి అంత సన్నటి జల్లెడతో పనిలేదు. ఇక్కడ ఈ ఒక్క భాగం చూసి ఆ చేప ఏం తింటుందో చెప్పేయొచ్చు. పేగు చూసినా చెప్పొచ్చు. నాచు, కుళ్ళిన ఆకులు తినే చేపలకి పేగు చుట్టలు చుట్టలుగా పొడవుగా ఉంటుంది. చేపల్ని తినే చేపకి పొట్టిగా ఉంటుంది. మీరు రోజూ తీసి పారేసే పేగులే. ఈసారి ఒక నిమిషం ఆగి చూడండి.

పైభాగం గురించి ఎక్కువ చెప్పను, మీకు తెలుసు. వీపు నల్లగా నీలంగా ఉంటుంది, పొట్ట వెండిలా ఉంటుంది. పైనుంచి చూసే పక్షికి వీపు సముద్రం రంగులో కలిసిపోతుంది. కింది నుంచి చూసే పెద్దచేపకి పొట్ట ఆకాశపు వెలుగులో కలిసిపోతుంది. ఒంటి మీద జిగురు ఉంటుంది. అది రోగాల నుంచి కాపాడే పొర. చేప చేతిలోంచి జారిపోతోందని విసుక్కుంటాం గానీ, ఆ జిగురు పోయిన చేప బతికున్నా త్వరగా పుండ్లు పడుతుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. మొప్పలు. అప్పా, మొప్ప మూత తీయండి. ఎంత ఎర్రగా ఉందో చూడండి. చేప తాజాదో కాదో చూడాలంటే ముందు ఎక్కడ చూస్తారు? మొప్ప ఎత్తి చూస్తారు. అంత ఎరుపెందుకు? అక్కడ రక్తం, నీళ్ళు పక్కపక్కనే పారుతుంటాయి. మధ్యలో ఉన్నది పొర కూడా కాదు, పొరలో పొర. అంత పలచన. ప్రతి వైపూ నాలుగు వంపులు, ప్రతి వంపు మీదా రెండు వరసల ఎర్రటి పోగులు, ప్రతి పోగు మీదా కంటికి కనిపించని రేకులు.

ఇంత హంగామా దేనికి? లెక్క చెప్తాను. మనం పీల్చే గాలి ఒక లీటరు తీసుకుంటే అందులో 210 మిల్లీలీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. మన సముద్రపు నీళ్ళు ఒక లీటరు తీసుకుంటే? నాలుగున్నర మిల్లీలీటర్ల చుట్టూ ఉంటుంది. అంతే. పైగా నీళ్ళు గాలి కన్నా 800 రెట్లు బరువు. అంటే చేప అంత బరువైన సరుకుని మోసి, అందులోంచి చిటికెడు ఆక్సిజన్ ఏరుకోవాలి. ఉన్న ఆ చిటికెడులో ఎంత తీసుకోగలదు? కొన్ని చేపలు 80 శాతం దాకా తీసుకుంటాయి. మన ఊపిరితిత్తులు గాలిలోంచి తీసుకునేది పావు వంతు. మనకి ఉన్నది ఎక్కువ, తీసుకునేది తక్కువ. చేపకి ఉన్నది తక్కువ, తీసుకునేది ఎక్కువ. ఎలా?

ఇది కొంచెం నెమ్మదిగా వినండి. ఎమ్మెస్సీ వాళ్ళు కూడా ఇక్కడ తడబడతారు. మీరు తడబడరు.

రేవు నుంచి ఊళ్ళోకి అమ్మలు గంపలు నెత్తిన పెట్టుకుని ఒక వరసలో నడుస్తున్నారు అనుకోండి. పక్కనే సంచులు పట్టుకుని పిల్లలు ఇంకో వరస. నియమం ఒక్కటే. గంపలో చేపలు సంచిలో కన్నా ఎక్కువ ఉంటేనే అమ్మ ఇస్తుంది. ఇద్దరూ ఒకే వైపు, రేవు నుంచి ఊరికి కలిసి నడిస్తే ఏమవుతుంది? గంప నిండుగా ఉంది, సంచి ఖాళీ, ఇస్తూ పోతుంది. సగం దారిలో గంపలో సగం, సంచిలో సగం. సమానం. ఇక ఇవ్వడం ఆగిపోయింది. మిగతా దారంతా ఊరికే నడవడమే. సగం చేపలు గంపలోనే మిగిలిపోయాయి.

ఇప్పుడు పిల్లల వరసని తిప్పేయండి. అమ్మలు రేవు నుంచి ఊరికి, పిల్లలు ఊరి నుంచి రేవుకి. ఎదురెదురుగా. అమ్మ ఊరి చివరికి వచ్చేసరికి గంపలో రెండు చేపలే ఉన్నాయి. అయినా అక్కడ ఎదురయ్యేది ఎవరు? ఇప్పుడే ఇంట్లోంచి బయల్దేరిన ఖాళీ సంచి. రెండు చేపలైనా సున్నా కన్నా ఎక్కువే కదా, ఇచ్చేస్తుంది. రేవు దగ్గరికి వచ్చిన పిల్లాడి సంచి దాదాపు నిండిపోయింది. అక్కడ ఎదురయ్యేది ఇప్పుడే పడవ దిగిన నిండు గంప. అదీ ఇంకా ఇస్తుంది. దారి పొడుగునా ఇవ్వడం ఆగదు. గంప ఖాళీ, సంచి నిండు.

మొప్పలో గంప ఎవరు? నీళ్ళు. సంచి ఎవరు? రక్తం. నీళ్ళు ఒక వైపు పారతాయి, రక్తం దానికి ఎదురు పారుతుంది. అంతే రహస్యం. ఈ ఎదురునడక గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

మరి నీళ్ళలోంచి తీస్తే చేప ఎందుకు చనిపోతుంది? గాలిలో ఆక్సిజన్ ఇంకా ఎక్కువ కదా? ఆడపిల్లలు చెప్పండి, చెరువులో మునిగినప్పుడు జుట్టు ఎలా ఉంటుంది? విడివిడిగా తేలుతుంది. బయటికి వస్తే? అంటుకుపోయి ఒక్క ముద్దవుతుంది. మొప్ప పోగులూ అంతే. నీళ్ళలో విప్పారి ఉంటాయి, గాలిలో ఒకదానికొకటి అతుక్కుపోతాయి. చుట్టూ ఇంత గాలి ఉన్నా అందుకోవడానికి చోటుండదు.

కొర్రమీను సంగతి వేరు. మొప్పల పైన దానికి గాలి పట్టే గది ఒకటి ఉంది. అందుకే తడి తగిలితే బిందెలో చాలాసేపు బతికుంటుంది. ఎదిగిన కొర్రమీనుని పైకి రానివ్వకుండా నీళ్ళ అడుగునే పట్టి ఉంచితే ఊపిరాడక చనిపోతుంది. నీళ్ళలోనే! చెరువులు సాగు చేసేవాళ్ళు ఇక్కడ ఉన్నారు. తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తుంటే గుండె ఝల్లుమంటుంది. రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ వాడుకుంటుంది, ఎండ లేదు కాబట్టి తయారు చెయ్యదు. అందుకే తెల్లవారేముందు ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువ. నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ ఆ వేళకే కావాలి.

గుండె ఎక్కడుంది? మొప్పల కింద, గొంతు దగ్గర. ఇదిగో, ఇంత చిన్నది. మన గుండెకి నాలుగు గదులు, దీనికి ముఖ్యంగా రెండు. గుండె నుంచి రక్తం మొప్పలకి పోతుంది, అక్కడి నుంచి తిన్నగా ఒళ్ళంతా తిరిగి గుండెకి వస్తుంది. ఒక్కటే చుట్టు. మనలో రెండు చుట్లు. అంతే తేడా, ముందుకి పోదాం.

ఒక ప్రశ్న. సముద్రంలో చేపకి దాహం వేస్తుందా? నవ్వకండి, చాలా మంచి ప్రశ్న ఇది. మాగాయకి మామిడిముక్కలు కోసి ఉప్పు వేసి ఉంచితే మర్నాటికి ఏమవుతుంది? ఊట. ఆ నీళ్ళు ఎక్కడివి? ముక్కలోవే. బయట ఉప్పు ఎక్కువైతే లోపలి నీళ్ళని లాగేస్తుంది. సముద్రపు నీళ్ళలో లీటరుకి 35 గ్రాముల ఉప్పు. చేప రక్తంలో అందులో మూడో వంతు. అంటే సముద్రంలో ఉన్న కనగర్త ఉప్పులో వేసిన మామిడిముక్కే. దాని ఒంట్లో నీళ్ళు అస్తమానం బయటికి పోతుంటాయి. కాబట్టి తాగాలి. తాగితే ఉప్పు లోపలికి వస్తుంది. ఆ ఉప్పుని మొప్పల్లో ఉన్న ప్రత్యేకమైన కణాలు బయటికి తోడేస్తాయి. మనకి ఆ కణాలు లేవు. అందుకే దారి తప్పిన పడవలో మంచినీళ్ళు అయిపోతే, చుట్టూ అంత సముద్రం ఉండి కూడా మనిషికి గుక్కెడు నీళ్ళు లేనట్టే. ఆ భయం ఏమిటో ఈ ఊళ్ళో వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

వంశధారలో చేపకి దీనికి తిరగేసిన కష్టం. అది నానబెట్టిన శనగ. ఒంట్లో ఉప్పు, బయట మంచినీళ్ళు. నీళ్ళు లోపలికి చొచ్చుకొస్తుంటాయి. కాబట్టి అది నీళ్ళు తాగదు, మూత్రం ధారాళంగా పోస్తుంది, నీళ్ళలో ఉన్న కాస్త ఉప్పునీ మొప్పలతో లోపలికి లాక్కుంటుంది. మరి పొలస? సముద్రంలో పెరిగి గుడ్లు పెట్టడానికి గోదావరిలోకి ఎక్కుతుంది, పులస అవుతుంది. తోడేసే యంత్రాన్ని లాక్కునే యంత్రంగా మార్చుకుంటుంది. మన వంశధార మొగలో దొరికే చేపలు పోటుకీ పాటుకీ ఉప్పు మారుతుంటే తట్టుకుంటాయి. అన్ని చేపలకీ ఆ శక్తి లేదు.

ఉప్పు దగ్గరే ఇంకో మాట. ఉప్పు లాగేసేదాన్ని తట్టుకోవడానికి సముద్రపు చేపలు ఒంట్లో కొన్ని పదార్థాలు నిలవ చేసుకుంటాయి. వాటిలో ఒకదాన్ని చేప చచ్చాక బాక్టీరియా ట్రైమిథైల్ అమీన్ అనే వాయువుగా మారుస్తుంది. నీచు వాసన అంటామే, అందులో ముఖ్యమైనది అదే. అది క్షారం. పులుపు తగిలితే పట్టుబడిపోతుంది, గాలిలోకి లేవదు. చేపకి నిమ్మరసం రాయడం, చింతపండు పులుసులో ఉడికించడం ఎందుకో తెలిసిందా? మా అమ్మకి ఆ వాయువు పేరు తెలియదు. ఎంత పులుపు పడితే వాసన పోతుందో మాత్రం చింతపండు ముద్ద చూసి చెప్పేది. అదే రసాయన శాస్త్రం, నోట్లో రుచి చూసి నేర్చుకున్నది.

సొర దారి ఇంకోటి. ఇది యూరియాని ఒంట్లోనే ఉంచుకుని రక్తాన్ని సముద్రమంత చిక్కగా చేసుకుంటుంది. అందుకే నిలవున్న సొర దగ్గర అమ్మోనియా ఘాటు కళ్ళలోకి కొడుతుంది. బాలింతలకి సొర పెడతారు కదా మనలో, ఆ సొరని ఎంత తాజాగా ఉన్నప్పుడు ఏరుతారో, ఎన్నిసార్లు కడుగుతారో మీకు తెలుసు.

అప్పా, ఇప్పుడు పండుగప్ప పొట్ట కోయండి. జాగ్రత్త, లోతుగా వద్దు. పేగులు పక్కకి జరపండి. వెన్నుపూస కింద అంటుకుని తెల్లగా, బుడగలా ఉంది చూడండి. గాలితిత్తి. చేప మాంసం నీళ్ళ కన్నా కొంచెం బరువు. ఊరికే ఉంటే మునిగిపోతుంది. ఈ తిత్తిలో వాయువు దాన్ని మునగకుండా, తేలకుండా ఉన్నచోటే నిలబెడుతుంది. సముద్రపు చేపల్లో ఇది ఒంట్లో 5 శాతం ఉంటే చాలు. మంచినీళ్ళ చేపల్లో 7 శాతం కావాలి. ఎందుకంటే ఉప్పునీళ్ళు బరువు, బాగా తేలుస్తాయి. పడవ నదిలో కన్నా సముద్రంలో కొంచెం పైకి తేలుతుంది, అదే కారణం.

ఈ తిత్తిలోకి వాయువు ఎక్కడి నుంచి వస్తుంది? రక్తం నుంచి. అక్కడ సన్నటి రక్తనాళాల కట్ట ఒకటి ఉంటుంది. పోయే నాళాలు, వచ్చే నాళాలు పక్కపక్కనే, ఎదురెదురుగా. గుర్తుందా? గంపలు, సంచులు. అదే ఎదురునడక ఇక్కడ వాయువుని తిత్తిలోంచి తప్పించుకుపోకుండా కాపలా కాస్తుంది.

30 మీటర్ల లోతు నుంచి గాలంతో చేపని చకచకా లాగేస్తే ఏమవుతుంది? ప్రతి 10 మీటర్లకీ ఇంకో వాతావరణమంత ఒత్తిడి పెరుగుతుంది. అంటే 30 మీటర్ల దగ్గర పైకన్నా నాలుగు రెట్లు. పైకి వస్తుంటే ఆ వాయువు నాలుగు రెట్లు ఉబ్బుతుంది. పొట్ట నోట్లోంచి బయటికి తన్నుకొస్తుంది. బావలు చూసే ఉంటారు. చేప వాంతి చేసుకుందనుకుంటారు కొందరు. కాదు, తిత్తి ఉబ్బి పొట్టని తోసేసింది.

కచ్చిడి చేప గురించి పేపర్లో చదువుతుంటాం, ఒక్క చేప లక్షల్లో పాడుకున్నారని. మాంసానికా ఆ ధర? కాదు, ఈ తిత్తికి. కచ్చిడికి అది దళసరిగా, పెద్దగా ఉంటుంది. ఎండబెట్టి ఎగుమతి చేస్తారు. చైనాలో సూపుకి వాడతారు. చేపల తిత్తులతో ఐరోపాలో ఒకప్పుడు బీరు, వైను తేటపరిచేవారు. కచ్చిడి కుటుంబంలో చాలా చేపలు ఈ తిత్తినే డోలులా వాయిస్తాయి. పక్కనున్న కండరం తిత్తి మీద అదురుతుంది, నీళ్ళలో చప్పుడవుతుంది. మా తాత తెడ్డు నీళ్ళలో ముంచి, పైకొసకి చెవి ఆనించి వినేవాడు. చేపలు మాట్లాడుతున్నాయి అనేవాడు. నేను కథ అనుకునేదాన్ని. కాదు. నీళ్ళలో చప్పుడు కర్ర గుండా చెవికి చేరుతుంది. మా తాత విన్నది నిజం.

సొరలో వెతకండి. ఎంత వెతికినా తిత్తి ఉండదు. బదులుగా ఏముంది? ఇదిగో, ఇంత పెద్ద కార్జం. దీన్నిండా నూనె. నూనె నీళ్ళ మీద తేలుతుంది కదా, సొర ఆ నూనెతో బరువు తగ్గించుకుంటుంది. ఎముకలు కూడా లేవు, అంతా మృదులాస్థి. అయినా ఈత ఆపితే కిందికే దిగుతుంది.

సూర చేప, అదే ట్యూనా, దాని సంగతి చెప్పకపోతే బాధగా ఉంటుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఒళ్ళు అది. సూర మొప్పలతో నీళ్ళు కొట్టుకోలేదు. నోరు తెరిచి ఈదుతూనే ఉండాలి, పుట్టిన దగ్గర్నుంచి చచ్చేదాకా, రాత్రీ పగలూ. ఆగితే ఊపిరాడదు. అంత ఈత ఈదే కండరం ఎర్రగా ఉంటుంది. ఎప్పుడూ పనిచేసే కండరానికి ఆక్సిజన్ దాచుకునే ఎర్రటి పదార్థం కావాలి. కనగర్తని అడ్డంగా కోస్తే పక్కన నడిమధ్యలో నల్లటి పట్టీ కనిపిస్తుంది. అదీ అదే. తెల్ల మాంసం ఒక్కసారిగా తప్పించుకోవడానికి, ఎర్ర మాంసం రోజంతా ఈదడానికి. చేపది చల్లని రక్తం అని పుస్తకంలో చదువుతారు. సూర మాత్రం తన కండరాల వేడిని సముద్రంలోకి పోనివ్వదు. అక్కడా ఎదురెదురు నాళాలే. బయటికి పోయే వేడి రక్తం, లోపలికి వచ్చే చల్లటి రక్తానికి తన వేడిని అప్పజెబుతుంది. మూడోసారి వచ్చింది చూశారా, గంపలు సంచులు?

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. సూర, కనగర్త, కవళ్ళు (సార్డీన్లు), ఈ జాతుల మాంసంలో హిస్టిడిన్ అనే పదార్థం ఎక్కువ. పట్టాక ఐసు లేకుండా ఎండలో ఉంచితే బాక్టీరియా దాన్ని హిస్టమిన్‌గా మారుస్తుంది. తిన్న కాసేపటికి ముఖం ఎర్రబడుతుంది, దద్దుర్లు వస్తాయి, తలనొప్పి, గుండెదడ. ఎంత మరిగించినా హిస్టమిన్ పోదు. చూపుకి, వాసనకి బాగానే ఉన్న చేపలో కూడా ఉండొచ్చు. పడవలోనే ఐసు పెట్టాలి. రేవుకి వచ్చాక కాదు, పడవలోనే. ఐసు ఖర్చు దండగ అని ఎవరైనా అంటే నా మాట గుర్తు చెయ్యండి.

మాంసం చూద్దాం. ఉడికిన చేప ముక్కని వేలితో నొక్కితే రేకులు రేకులుగా విడిపోతుంది. కోడి అలా విడిపోదు. ఎందుకు? చేప బరువుని నీళ్ళు మోస్తున్నాయి. కోడిలా కాళ్ళ మీద నిలబడక్కర్లేదు. అందుకని చేప కండరాలని కట్టి ఉంచే పొరలు చాలా పలచన. కాస్త వేడికే కరిగిపోతాయి. పులుసు ఉడుకుతుంటే గరిట పెట్టొద్దు, గిన్నె పట్టుకుని తిప్పాలి అంటారు కదా పెద్దవాళ్ళు. పొరలు కరిగిపోయాక రేకుల్ని పట్టి ఉంచేది ఏమీ లేదు మరి. పొలసలో అన్ని ముళ్ళెందుకు, వంజరంలో ఎందుకు లేవు అని ఒక పిల్ల ఇందాక అడిగింది. ఆ సన్నముళ్ళు పక్కటెముకలు కావు. కండరం రేకుల మధ్య పొరల్లో గట్టిపడిన ముళ్ళు. పొలస, కవళ్ళు పాత కాలపు వంశం, వాటికి ఉన్నాయి. వంజరం, చందువా తర్వాత వచ్చిన వంశం, వాటిలో పోయాయి.

కళ్ళు. ఉడికిన తలలో తెల్లటి గుండ్రటి గోలీ దొరుకుతుంది, పిల్లలు ఆడుకుంటారు. అది కంటి కటకం. మన కటకం కాస్త చదునుగా ఉంటుంది, చేపది గుండుగా ఉంటుంది. నీళ్ళలో మన కళ్ళకి అంతా మసకగా కనిపిస్తుంది కదా, చేప ఆ లోటుని ఈ గుండుతో పూడ్చుకుంటుంది.

పండుగప్ప పక్కన తల నుంచి తోక దాకా గీత ఉంది చూడండి. గీసినట్టు ఉంది. దాన్ని పార్శ్వరేఖ అంటారు. దాని నిండా సన్నటి రంధ్రాలు, లోపల కదలికని పట్టే కణాలు. మనకి ఇలాంటిది ఏదీ లేదు, అందుకే పోల్చి చెప్పడం కష్టం. చీకట్లో పక్కన ఎవరో నడిస్తే గాలి తగిలినట్టు అనిపిస్తుంది చూడండి, అది వందరెట్లు పదునుగా ఉంటే ఎలా ఉంటుందో అనుకోండి. వేల కనగర్తలు ఒక్కసారిగా పక్కకి తిరుగుతాయి, ఒకదాన్నొకటి గుద్దుకోవు. కళ్ళతో పాటు ఈ గీతే దారి చూపేది.

చివరికి చెవులు. చేపకి బయట చెవి రంధ్రం లేదు. చెవి తల లోపలుంది. అప్పా, పండుగప్ప తలని వెనక నుంచి కొంచెం చీల్చండి. మెదడు పక్కన... ఇదిగో. కనిపించిందా? తెల్లటి చిన్న రాయి. రెండో వైపు ఇంకోటి. చేప ఒళ్ళు దాదాపు నీళ్ళంత బరువే కాబట్టి శబ్దం దాని గుండా సాగిపోతుంది. ఈ రాయి బరువు, వెనకబడుతుంది. రాయి కింద ఉన్న కణాలు ఆ తేడాని పట్టి చప్పుడు అని మెదడుకి చెప్తాయి.

ఈ రాయి చేప పుట్టినప్పటి నుంచీ పొర మీద పొరగా పెరుగుతుంది. చలి దేశాల్లో చెట్టు మానులో వలయాల్లా ఏడాదికొక వలయం లెక్కపెట్టేవారు. మన సముద్రంలో చలికాలానికీ ఎండాకాలానికీ అంత తేడా లేదు, ఆ వలయాలు స్పష్టంగా రావు. 1971లో పనెల్లా అనే శాస్త్రవేత్త ఇంకోటి కనిపెట్టాడు. ఏడాది వలయాల లోపల రోజుకొక వలయం ఉందని. రోజుకొకటి! పిల్ల చేప రాయిని సన్నగా అరగదీసి మైక్రోస్కోపు కింద పెడితే అది ఎన్ని రోజుల కిందట పుట్టిందో లెక్కపెట్టొచ్చు. అలా పుట్టిన రోజుల నుంచే చేపలు ఎప్పుడు గుడ్లు పెడుతున్నాయో తెలుస్తుంది. గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మన తీరంలో మరపడవల వేట ఆపుతున్నారు కదా. ఆ రోజులు ఇంట్లో ఎంత కటకటగా గడుస్తాయో నాకు తెలుసు. ఏ చేప ఏ నెలలో గుడ్లు పెడుతోందన్న లెక్క ఎంత కచ్చితంగా ఉంటే, ఆ రోజుల గురించి మీరు అంత గట్టిగా మాట్లాడగలరు. ఆ లెక్క ఈ రాయిలో ఉంది.

కాబట్టి పిల్లలకి ఒక పని. మీ ఇంట్లో తల పులుసు వండినప్పుడు ఈ రాళ్ళు పారేయొద్దు. కడిగి, ఆరబెట్టి, అగ్గిపెట్టెలో వెయ్యండి. ఒక చేప రాళ్ళు ఒక అగ్గిపెట్టెలోనే. వండకముందే చేపని ముక్కు నుంచి తోక దాకా స్కేలుతో కొలిచి, ఆ కొలత పెట్టె మీద రాయండి. ఏ తేదీన పట్టారు, ఎంత లోతులో పట్టారు, మీ నాన్నని అడిగి రాయండి. పొట్టలో జన, అంటే గుడ్లు, ఉందా లేదా, మీ అమ్మని అడిగి రాయండి. వచ్చే నెల మొదటి ఆదివారం నేను మైక్రోస్కోపు తీసుకుని వస్తాను. చేప పేరు రాసేటప్పుడు పుస్తకంలో పేరు కోసం వెతకొద్దు. మీ ఇంట్లో ఏమంటే అదే రాయండి. కనగర్త అంటే కనగర్త, కానాగంత అంటే కానాగంత. పక్కింటివాళ్ళు ఇంకో పేరుతో పిలిస్తే అది కూడా కింద రాయండి.